థర్డ్ రైల్‌తోని రైలుకు కరెంటు ఎట్ల అందుతది? కాజీపేట లైనుకు ఎందుకు పెట్టలే?

డీజిల్‌కాలనీ_కాజీపేట అడిగిన ప్రశ్న:

కాజీపేట జంక్షన్‌ల ఎటు చూసినా నెత్తి మీద 25 కేవీ, అంటే 25 వేల వోల్టుల తీగలే. హైదరాబాద్ మెట్రోకు గూడ పైన తీగనే, అదే 25 కేవీ. బెంగళూరు మెట్రోకు మాత్రం పైన ఏం లేదు. పట్టాల పక్క పొంటి, కవరు కప్పి ఇంకో పట్టా పోతది, అదే థర్డ్ రైల్. బండి దాని నుంచే 750 వోల్టుల డీసీ తీసుకుంటది. కోల్‌కతా, కొచ్చిల గూడ అంతే.

తీగతోని నడుస్తుంటే ఇంత ఇనుము, అల్యూమినియం ఎందుకు పరిచిన్రు? ఆ పట్టా ఎట్ల తయారైతది, బండి దాన్ని ఎట్ల తాకుతది, ఏడ చెడిపోతది? మన కాజీపేట–బల్లార్ష లైను మీద అది ఎందుకు పనికి రాదు? పాలిటెక్నిక్ పిల్లలకు చెప్పేటందుకు కావాలె, లెక్కలతోని చెప్తే మంచిది. "భద్రత కోసం", "ఖర్చు కోసం" అనే ఒక్క ముక్క జవాబులు ఇప్పటికే చాలా చూసిన, వాటితోని సమజ్ అయితలేదు.

హన్మకొండ_పవర్:

సంగతంతా ఆంపియర్లల్ల ఉన్నది తమ్మీ. వోల్టేజీ తగ్గిస్తే అదే పవర్‌కు కరెంటు పెరగాలె. తక్కిన ఇబ్బందులన్నీ దాని నుంచే పుడుతయి.

ఆరు బోగీల మెట్రో బండి స్టేషన్ నుంచి లేచేటప్పుడు 3 మెగావాట్లు గుంజుతదనుకో. 25 కేవీ మీద అది 120 ఆంపియర్లు. 750 వోల్టుల మీద 4,000 ఆంపియర్లు. మన దిక్కు ఓహెచ్‌ఈల (నెత్తి మీది తీగల ఏర్పాటు) కాంటాక్ట్ వైరు 107 చదరపు మిల్లీమీటర్ల రాగి, దాన్ని మోసే కేటనరీ 65. ఈ రెంటి మీద 4,000 ఆంపియర్లు నడిపిస్తే కాలి తెగిపోతయి. అందుకే తీగ జాగల పట్టా వచ్చింది.

మరి పట్టాలనే వోల్టేజీ పెంచొచ్చు గదా అంటే, అది నేలకు జానెడు ఎత్తుల, బోగీ అడుగుకు ఆనుకొని ఉంటది. చుట్టూ ఇనుమే. ఎక్కువ వోల్టేజీకి కావాల్సినంత ఖాళీ దొరకదు. హాంబర్గ్‌ల 1,200 వోల్టులు, చైనాల గ్వాంగ్‌జౌ మెట్రో 4వ లైన్‌ల 1,500 వోల్టులు ఉన్నయి గానీ ప్రపంచంల ఎక్కువ చోట్ల 600–750 కాడనే ఆగిన్రు.

కరెంటు వచ్చే తొవ్వ ఇది. గ్రిడ్ నుంచి తీసుకున్నది 33 కేవీకి దించి, లైను పొడుగునా కేబుల్లల్ల పంపుతరు. ఒక్కో ట్రాక్షన్ సబ్‌స్టేషన్‌ల రెక్టిఫయర్ ట్రాన్స్‌ఫార్మర్ ఉంటది. దానికి రెండు సెకండరీలు, ఒకటి స్టార్, ఒకటి డెల్టా, ఒక్కోటి 590 వోల్టుల దగ్గర్ల. రెండింటి నడుమ 30 డిగ్రీల తేడా ఉంటది గనుక రెండు బ్రిడ్జీలు (ఏసీని డీసీ చేసే డయోడ్ రెక్టిఫయర్లు) కలిస్తే 12 పల్సుల డీసీ వస్తది, అలలు తక్కువుంటయి. బ్రిడ్జి లెక్క 1.35 రెట్లు, అంటే లోడు లేనప్పుడు 800కు దగ్గర. లోడు పడంగనే 750కి దిగుతది. ఆడికెళ్లి హైస్పీడ్ బ్రేకర్, ఐసొలేటర్, కేబుల్లు, తర్వాత థర్డ్ రైల్.

ఇగ డ్రాప్, అంటే తొవ్వల పడిపోయే వోల్టేజీ లెక్క. అల్యూమినియం థర్డ్ రైల్ రెసిస్టెన్స్ కిలోమీటరుకు 8 మిల్లీ ఓములు అనుకో. తిరిగి వచ్చేది నడిచే పట్టాలల్లకెళ్లి. మీటరుకు 60 కిలోలుండే పట్టాల జత కిలోమీటరుకు 15 మిల్లీ ఓములు. మొత్తం 23. సబ్‌స్టేషన్లు 3 కిలోమీటర్లకొకటి ఉండి, బండి సరిగ్గ నడుమ ఉన్నదంటే రెండు దిక్కుల నుంచి చెరి 2,000 ఆంపియర్లు వస్తయి. 2,000 × 1.5 × 0.023 చేస్తే 69 వోల్టుల డ్రాప్. ఫర్వాలేదు.

ఇప్పుడు ఒక సబ్‌స్టేషన్ పడిపోయిందనుకో. దూరం 6 కిలోమీటర్లు అయితది, డ్రాప్ 138. అదే టైమ్‌కు ఇంకో బండి ఆ జాగలనే లేచిందంటే 276 వోల్టులు పోతయి, మిగిలేది 474. యూరప్ ప్రమాణం ప్రకారం 750 వోల్టుల సిస్టమ్‌ల కనిష్ఠం 500, గరిష్ఠం 900. అంటే గీత దాటినం. అందుకే రెండు లైన్ల పట్టాలను అక్కడక్కడ కేబుల్లతో కలిపి తిరుగు తొవ్వ రెసిస్టెన్స్ తగ్గిస్తరు. వోల్టేజీ దిగుతుంటే బండి కంట్రోలరే కరెంటు తగ్గించుకుంటది, పికప్ మెల్లగైతది గానీ బండి ఆగదు. ట్రాన్స్‌ఫార్మర్‌కు దూరంగ ఉన్న బోరు మోటరు సన్న సర్వీసు వైరు మీద ఎట్ల గునుస్తదో, ఇది గూడ అదే లెక్క.

25 కేవీల ఈ బాధ లేదు. 200 ఆంపియర్లు 20 కిలోమీటర్లు పోయినా పడేది 1,500–1,600 వోల్టులు, 25 వేలల్ల అది ఆరు శాతం. సబ్‌స్టేషన్లు 40–60 కిలోమీటర్లకొకటి ఉంటే నడుస్తది.

బ్రేకులేసినప్పుడు వచ్చే కరెంటు సంగతి గూడ చెప్పాలె. డయోడ్ రెక్టిఫయర్ ఒక దిక్కే పనిచేస్తది, డీసీని తిరిగి గ్రిడ్‌కు పంపలేదు. దగ్గర్ల ఇంకో బండి తీసుకుంటే సరే, లేకుంటే ఆ పవర్ బండి మీది రెసిస్టర్లల్ల వేడిగ పోతది. ఇన్వర్టర్ పెట్టిన సబ్‌స్టేషన్ అయితేనే వెనక్కి పోతది. ఏసీల ఇది తేలిక, ట్రాన్స్‌ఫార్మర్ రెండు దిక్కులా పనిచేస్తది.

ట్రాక్షన్_మెయింటెనెన్స్:

పైన లెక్కలన్నీ సరిగ్గానే ఉన్నాయి. నేను సామాను గురించి, అది చెడే పద్ధతి గురించి చెప్తాను.

పాత లైన్లలో థర్డ్ రైల్ మొత్తం ఉక్కే. కార్బన్ తక్కువున్న మెత్తని ఉక్కు, కరెంటు బాగా పారడానికి. ఇప్పుడు వేసేది మాత్రం అల్యూమినియం. షూ (బండి నుంచి వచ్చి పట్టాను తాకి కరెంటు తీసుకునే ముక్క) రాసుకునే ముఖానికి కొన్ని మిల్లీమీటర్ల మందాన స్టెయిన్‌లెస్ స్టీల్ పట్టీ ఉంటుంది. కరెంటు మోసేది అల్యూమినియం, అరుగుదల తట్టుకునేది స్టీలు. ఉక్కుతో పోలిస్తే రెసిస్టెన్స్ సగానికన్నా తక్కువ, బరువూ బాగా తక్కువ. సుమారు 15 మీటర్ల ముక్కలుగా వస్తుంది. రెండు పక్కలా ప్లేట్లు వేసి బోల్టులతో బిగిస్తారు. ఐదారు మీటర్ల లోపే ఒక్కో బ్రాకెట్, దానికి ఇన్సులేటరు.

షూ పట్టాను తాకే తీరు మూడు రకాలు: పైనుంచి, పక్కనుంచి, కిందనుంచి. దక్షిణ ఇంగ్లండ్‌లో పైనుంచి తాకుతుంది. పట్టా నెత్తి తెరిచి ఉంటుంది కాబట్టి మంచు, ఆకులు, చెత్త అన్నీ దానిమీదే పడతాయి. బెంగళూరులో, కొచ్చిలో కిందనుంచి. షూను స్ప్రింగు పైకి నొక్కి పట్టుకుంటుంది, పట్టాకు పైనా పక్కలా ఫైబర్ కవరు వేస్తారు. వర్షం, ధూళి పడవు, మనిషి పొరపాటున కాలు పెట్టినా కవరు మీదే పడుతుంది. కొత్తగా కట్టేదైతే కింది కాంటాక్టే మేలు, నా దృష్టిలో ఇందులో చర్చ లేదు.

ఇక చెడిపోయే చోట్లు. మొదటిది రాంపు. పాయింట్లు, క్రాసోవర్ల దగ్గర, అంటే బండి ఒక లైను నుంచి ఇంకో లైనుకు మారే చోట, థర్డ్ రైల్ ఆగిపోయి మళ్లీ మొదలవుతుంది. ఆగే చోట, మొదలయ్యే చోట వాలుగా ఉండే ముక్క పెడతారు. షూ ఆ వాలు మీద నుంచి మెల్లగా సర్దుకోవాలి. వాలు కొద్ది మిల్లీమీటర్లు తప్పినా షూ తగలడం కాదు, గుద్దుతుంది. కరెంటు లాగుతూ వదిలినప్పుడు ఆర్క్ లేస్తుంది. రాంపు ముఖం మీద నల్లటి గుంటలు, కరిగి గడ్డకట్టిన స్టీలు చుక్కలు కనిపిస్తే ఎత్తు తప్పిందని అర్థం. అప్పుడు రాంపును మాత్రమే సర్దితే చాలదు, దాని ముందున్న రెండు మూడు బ్రాకెట్ల ఎత్తు కూడా గేజితో కొలవాలి. కొలత ఎప్పుడూ నడిచే పట్టా నెత్తి నుంచే, నేల నుంచి కాదు. పట్టా కింద ప్యాడు కుంగినా ఆ తేడా ఇక్కడ బయటపడుతుంది.

షూ ఏదైనా గట్టిదాన్ని కొడితే బోగీ ఫ్రేము దెబ్బతినకుండా, షూ చేతిలో ఒక బలహీనమైన చోటు కావాలనే పెడతారు, అక్కడ విరిగి ఊడిపోతుంది. ఒకే చోట షూలు వరుసగా ఊడుతుంటే బండిలో తప్పు వెతకొద్దు, ఆ చోటి పట్టా చూడాలి.

రెండోది జాయింటు. బోల్టు బిగువు తగ్గితే అక్కడ రెసిస్టెన్స్ పెరుగుతుంది. ఒక జాయింటులో 50 మైక్రో ఓములు ఎక్కువైతే 4,000 ఆంపియర్ల దగ్గర 800 వాట్ల వేడి. చూపుకు ఏమీ తెలియదు, కవరు మీద గోధుమ రంగు మచ్చ వచ్చేసరికే ఆలస్యమైనట్టు. లోడు ఉన్నప్పుడు థర్మల్ కెమెరాతో చూస్తే పక్క జాయింట్ల కన్నా వేడిగా ఉన్నది వెంటనే దొరుకుతుంది. అల్యూమినియం ముఖాలను బిగించే ముందు బ్రష్షుతో ఆక్సైడు గీకి, కాంటాక్టు గ్రీజు రాయాలి. గీకి వదిలేస్తే మళ్లీ పొర కడుతుంది, వెంటనే రాసి బిగించాలి.

మూడోది ఎండ. వరంగల్, రామగుండం లాంటి చోట వేస్తే దీన్ని చిన్నగా చూడటానికి లేదు. అల్యూమినియం ఒక డిగ్రీకి మీటరుకు 23 మైక్రో మీటర్లు పెరుగుతుంది, ఉక్కు 12. చలికాలం తెల్లవారుజాము 12 డిగ్రీలు, మే మధ్యాహ్నం ఎండలో పట్టా 62 అనుకుంటే తేడా 50. 90 మీటర్ల పొడవు పెరిగేది 10 సెంటీమీటర్లకు పైమాటే. ఆ పెరుగుదలకు చోటివ్వకపోతే పట్టా బ్రాకెట్లను నెట్టి వంకర తిరుగుతుంది. అందుకే ప్రతి పొడవునూ మధ్యలో ఒక చోట కదలకుండా యాంకరు చేసి, రెండు కొసల్లో ఎక్స్‌పాన్షన్ జాయింటు పెడతారు. బిగించేటప్పుడు ఆ రోజు పట్టా ఉష్ణోగ్రత కొలిచి, పట్టిక ప్రకారం సందు వదలాలి. గాలి ఉష్ణోగ్రత కాదు, పట్టాది. ఇక్కడే చాలామంది తప్పు చేస్తారు. మధ్యాహ్నం ఎండలో బిగిస్తూ చలికాలపు సందు వదిలితే రాత్రికి ఆ సందు ఇంకా తెరుచుకుని షూ కొట్టుకుంటుంది.

ఇన్సులేటర్ల మీద బ్రేకు దుమ్ము, ఇనుప పొడి పేరుకుంటే తేమ రోజుల్లో లీకేజీ మొదలవుతుంది. తుడవడం తప్ప వేరే మందు లేదు.

డీజిల్‌కాలనీ_కాజీపేట:

అన్నా, శానా మంచిగ చెప్పిన్రు. రెండు సంగతులు మిగిలినయి. కరెంటు నడిచే పట్టాలల్లకెళ్లే తిరిగొస్తదన్నరు గదా, మరి వాటి మీద కాలు పెడితే షాక్ కొట్టదా? ఇంకోటి, పని చేసేటోళ్లు లైను బంద్ అయిందని ఎట్ల నమ్ముతరు?

నెగెటివ్_రిటర్న్:

మొదటి దానికి నేను చెప్తా.

తిరుగు పట్టాలకు, భూమికి నడుమ ఎంతో కొంత వోల్టేజీ ఉంటది. పైన లెక్కల నడిచే పట్టాల వాటా చూడు: 2,000 × 1.5 × 0.015, అంటే 45 వోల్టులు. మామూలుగ జనాలకు తెలియను గూడ తెలియదు. డీసీ లైన్లల్ల ఎక్కువ సేపు ఉండే పరిమితి 120 వోల్టులు, వర్క్‌షాపులల్ల 60. అంతకు మించితే స్టేషన్ల కాడ పెట్టిన పరికరం ఒకటి పట్టాను భూమికి తాత్కాలికంగ కలుపుతది. లేకుంటే ప్లాట్‌ఫాం మీద నిలబడి బోగీ తలుపు పట్టుకున్న మనిషికి తగులుతది.

మరి ఎప్పుడూ భూమికి కలిపే ఉంచొచ్చు గదా? మన 25 కేవీ లైను మీద అట్లనే చేస్తరు, స్తంభాలు పట్టాలకు కట్టి, ఎర్తు చేసి ఉంటయి. డీసీల అది చేయకూడదు. పట్టా నుంచి జారిన కరెంటు నేలల పడి, దొరికిన నీళ్ల పైపు, కేబుల్ తొడుగు, పిల్లర్ల కడ్డీలు పట్టుకుని సబ్‌స్టేషన్ దాకా పోతది. ఏడైతే ఇనుము వదిలి మట్టిలకు దిగుతదో ఆడ ఇనుము కరిగిపోతది. ఒక్క ఆంపియరు ఏడాది పొడుగునా కారితే 9 కిలోల ఇనుము పోతది. సబ్‌స్టేషన్ దగ్గర్ల పైపు తింటది, బండ్లు ఎక్కువ లేచే జాగల పట్టా అడుగు తింటది. అందుకని పట్టాలను రబ్బరు ప్యాడ్ల మీద, ఇన్సులేట్ చేసిన క్లిప్పులతోని పెడతరు. వయాడక్ట్ (పిల్లర్ల మీది వంతెన) కాంక్రీట్ల కడ్డీలను వెల్డు చేసి కలిపి, జారిన కరెంటును పట్టి సబ్‌స్టేషన్‌కు తెచ్చే ఏర్పాటు చేస్తరు.

లండన్ అండర్‌గ్రౌండ్‌ల ఇంకో తొవ్వ పట్టిన్రు. తిరుగు కరెంటుకు నాలుగో పట్టానే వేరేగ వేసిన్రు. పక్కనున్నది ప్లస్ 420, నడుమది మైనస్ 210, మొత్తం 630 వోల్టులు. నడిచే పట్టాలల్ల ట్రాక్షన్ కరెంటు ఉండదు గనుక సొరంగాల పోత ఇనుము గోడలు, పైపులు బతుకుతయి. ఖర్చు మాత్రం ఎక్కువ.

ఒకటి చేర్చాలె. దూరంగ షార్ట్ అయితే బ్రేకర్‌కు కనిపించే కరెంటు, బండి లేచేటప్పుడు గుంజే కరెంటు ఒకే తీరుగ ఉండొచ్చు, రెండూ 4,000 కావచ్చు. వట్టి ఆంపియర్లు చూసి ట్రిప్ చేస్తే బండి లేచినప్పుడల్ల లైను పోతది. అందుకే కరెంటు ఎంత వేగంగ పెరుగుతుందో, ఒక్కసారి ఎంత ఎగిరిందో చూసే రిలే పెడతరు. బండిల ఫిల్టర్, కంట్రోలర్ ఉంటయి గనుక బండి కరెంటు మెట్లు మెట్లుగ పెరుగుతది, షార్ట్ అయితే ఒక్క పెట్టున ఎగబాకుతది. ఈ సెట్టింగులు కొత్త బండ్లు వచ్చినప్పుడల్ల మళ్ల చూడాలె. పాత సెట్టింగుల మీద కొత్త బండ్లు నడిపితే ఉత్త ట్రిప్పులు మొదలైతయి.

ట్రాక్షన్_మెయింటెనెన్స్:

రెండో ప్రశ్నకు: కంట్రోల్ నుంచి "బంద్ చేసినం" అన్న మాట ఒక్కటే సరిపోదు.

ముందు ట్రాక్షన్ పవర్ కంట్రోలర్ దగ్గర రాతపూర్వకంగా బ్లాకు (లైను బంద్ పెట్టే అనుమతి) తీసుకోవాలి. ఆ సెక్షనుకు రెండు వైపులా కరెంటు వస్తుంది కాబట్టి రెండు సబ్‌స్టేషన్ల బ్రేకర్లూ తెరవాలి, ఐసొలేటర్లు తెరిచి తాళం వేయాలి. తర్వాత వోల్టేజీ టెస్టరు. దాన్ని ముందు కరెంటు ఉన్న చోట పెట్టి పనిచేస్తోందని చూసుకోవాలి, తర్వాతే బంద్ చేసిన పట్టా మీద పెట్టాలి. సున్నా చూపితే షార్టింగు పరికరం: మొదటి క్లాంపు నడిచే పట్టాకు, రెండోది థర్డ్ రైల్‌కు. తీసేటప్పుడు తిరగేసి, థర్డ్ రైల్ నుంచి ముందు. పని చేసే చోటుకు రెండు వైపులా పెట్టాలి, ఒక వైపు మాత్రమే చాలదు.

ఎందుకో చెప్తాను. ఒక బండి మీద షూలన్నీ ఒకే కేబుల్‌కు కలిసి ఉండే రకాలున్నాయి. అలాంటి బండి సెక్షను సందు మీద ఆగితే ముందు షూ కరెంటున్న పట్టా మీద, వెనక షూ బంద్ అయిన పట్టా మీద ఉంటుంది. బండే వంతెనై కరెంటును ఇటు తెస్తుంది. అందుకే బ్లాకులో బండి ఆ సందు దరిదాపుల్లోకి కూడా రాకూడదు.

స్టేషన్లలో ప్లాట్‌ఫాం మీద ఎమర్జెన్సీ ట్రిప్ స్విచ్చులు ఉంటాయి. ఎవరైనా పట్టాల మీద పడితే ముందు అది కొట్టాలి, మనిషి దగ్గరికి దిగడం ఆ తర్వాతే.

పెద్దపల్లి_ఓహెచ్‌ఈ:

కాజీపేట–బల్లార్ష ప్రశ్న మిగిలింది, దానికి నా జవాబు.

ఆ లైను మీద నడిచేది బొగ్గు, సిమెంటు, గూడ్సు, దాంతోపాటు ఉత్తరాదికి పోయే ఎక్స్‌ప్రెస్‌లు. డబ్ల్యూఏజీ-9 అనే గూడ్సు లోకో (ఇంజను) 6,120 హార్స్‌పవర్. నష్టాలు కలుపుకుని 5 మెగావాట్లు అనుకుంటే 25 కేవీల 200 ఆంపియర్లు. 750ల 6,700. రెండు లోకోలు జతగ పెడితే 13 వేలు దాటుతది. డబ్ల్యూఏజీ-12 అయితే ఒక్కటే 12,000 హార్స్‌పవర్, 9 మెగావాట్లు, అంటే 12,000 ఆంపియర్లు. 4,000 మోసే పట్టా వేసి దీన్ని నడపలేం. పైగా రెండు మూడు కిలోమీటర్లకొక సబ్‌స్టేషన్, దానికి 33 కేవీ కేబుల్. కాజీపేట నుంచి బల్లార్ష దాకా లెక్కేసుకో, వందకు దగ్గర్ల పోతయి.

మెట్రో బండికి షూలు బండి పొడుగునా ఉంటయి, పాయింట్ల కాడ సందు వచ్చినా ఏదో ఒక షూ పట్టా మీదనే ఉంటది. లోకో పొడుగు 20 మీటర్లే. పెద్ద యార్డుల పాయింట్ల నడుమ సందుల మీద ఆగిందంటే అది గుంజే 58 బోగీలతో సహా ఆడనే ఉండిపోతది. కాజీపేట యార్డు పాయింట్ల చిక్కు చూసినోళ్లకు ఇది చెప్పనక్కర లేదు.

లెవెల్ క్రాసింగులు, పొలాలకు పోయే అడ్డదారులు, గొర్లు, బర్లు. థర్డ్ రైల్ ఉన్న లైనుకు రెండు పక్కలా పూర్తి కంచె కావాలె. క్రాసింగ్ కాడ పట్టా ఆపి, కింద కేబుల్ వేసి అవతల మొదలుపెట్టాలె. మన లెవెల్ క్రాసింగ్ కాడ 4.67 మీటర్ల హైట్ గేజ్ పెట్టి, తీగ దాని పైనుంచి పోయేటట్టు చూసుకుంటే చాలు. బ్రిటన్‌ల థర్డ్ రైల్ ఏండ్ల సంది నడుస్తున్నా, ఇప్పుడు ఆడి భద్రతా నియంత్రణ సంస్థ కొత్తగ పొడిగించడానికి సాధారణంగ ఒప్పుకోదు. కారణం పట్టాల మీద పనిచేసేటోళ్ల ప్రాణాలు.

నీళ్లు ఇంకో సంగతి. 2024 సెప్టెంబరు మొదట్ల కేసముద్రం–ఇంటికన్నె నడుమ వరదకు పట్టాల కింద కంకర కొట్టుకుపోయింది. అట్లాంటి జాగల థర్డ్ రైల్, బ్రాకెట్లు, కేబుల్ జాయింట్లు అన్నీ నీళ్లల్లనే ఉంటయి. నీళ్లు పట్టా ఎత్తుకు వచ్చే లోపే కరెంటు బంద్ చేయాలె. ఓహెచ్‌ఈ అయితే తీగ ఐదున్నర మీటర్ల పైన ఉంటది, పునాది కోసుకుపోకుంటే చాలు.

స్పీడు గూడ అడ్డమే. ఇంగ్లండ్‌ల థర్డ్ రైల్ మీద రోజూ నడిచే గరిష్ఠం గంటకు 160 కిలోమీటర్లు. 1988ల ఒక బండి దాదాపు 175 దాకా పోయింది, ఇప్పటికీ థర్డ్ రైల్ మీద రికార్డు అదే. అంతకు మించితే రాంపుల కాడ షూ నిలవదు.

అట్లని థర్డ్ రైల్‌ను తీసిపారేయొద్దు. తీగ తెగి వేలాడటం, పాంటోగ్రాఫ్ (బండి నెత్తి మీద తీగను తాకే చెయ్యి) చిక్కుకుని అరకిలోమీటరు ఓహెచ్‌ఈ గుంజుకుపోవడం, గాలిదుమారానికి చెట్టు కొమ్మ పడటం, ఈ మూడూ దానికి లేవు. సొరంగం వ్యాసం తగ్గుతది, వయాడక్ట్ మీద స్తంభాలు ఉండవు. దగ్గర దగ్గర స్టేషన్లు, కంచె ఉన్న తొవ్వ, తేలిక బండ్లు ఉన్న ఊరికి అది సరిపోతది.

హన్మకొండ_పవర్:

పెద్దపల్లి అన్న చెప్పినదానికి ఒక చేర్పు. సొరంగం ఉంటే థర్డ్ రైలే అని పిల్లలకు చెప్పకు. ఢిల్లీ మెట్రో సొరంగాలల్ల 25 కేవీనే ఉన్నది, కాకుంటే తీగను గుంజి కట్టకుండ, పైకప్పుకు బిగించిన అల్యూమినియం పట్టా గాడిల కాంటాక్ట్ వైరును ఇరికిస్తరు. అది గూడ కండక్టర్ రైలే, నెత్తి మీద ఉన్నది అంతే. టెన్షన్ లేదు గనుక తెగి పడదు, తీగను గుంజి పట్టే బరువు గుండ్లు అక్కర లేదు. వైరు అరిగితే గాడి నోరు తెరిచే చిన్న బండి పెట్టి పాతది తీసి కొత్తది ఎక్కిస్తరు.

డీజిల్‌కాలనీ_కాజీపేట:

ఇగ ఒక్కటే చిన్నది. బెంగళూరు స్టేషన్లల్ల ఆ పట్టా ప్లాట్‌ఫాం దిక్కు కనబడదు, అవతల దిక్కే ఉంటది. స్టేషన్ దాటినంక కొన్ని జాగల ఇటు మారుతది. బండికి రెండు దిక్కులా షూలుంటయా?

ట్రాక్షన్_మెయింటెనెన్స్:

ఉంటాయి, రెండు వైపులా. ప్లాట్‌ఫాం అంచు నుంచి మనిషి పడితే పట్టా దూరంగా ఉండాలని స్టేషన్లో అవతలి వైపు వేస్తారు. ప్లాట్‌ఫాం రెండు లైన్ల మధ్యలో ఉంటే పట్టా బయటి వైపుకు పోతుంది, ప్లాట్‌ఫాంలు బయట ఉంటే మధ్యకు వస్తుంది. పాయింట్ల దగ్గర కూడా వైపు మారక తప్పదు. ఒక వైపు షూ పట్టా మీద ఉన్నప్పుడు రెండో వైపు షూ గాలిలో ఉంటుంది, కానీ అదే కేబుల్‌కు కలిసి ఉంది కాబట్టి దానిలోనూ 750 వోల్టులు ఉంటాయి. డిపోలో బండి కింద పనిచేసేవాళ్లు ముందు గుర్తుపెట్టుకోవాల్సింది ఇదే.